పసుపు మరక

1970ల నాటి మాట. వారపత్రికలు ఇంటింటా తిరుగుతున్న రోజులు, వీధికో అద్దె పుస్తకాల కొట్టు ఉన్న రోజులు. బెజవాడలో ఒక గుమాస్తా ఉండేవాడు. పగలంతా పద్దులు రాసి, రాత్రిపూట ఒక వారపత్రికకు సీరియల్ రాసేవాడు. ప్రతి వారం చివర ఒక శవమో, దానంతటదే తెరుచుకునే తలుపో ఉండేది. పాఠకుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. అందరూ ఇంకో శవం కావాలనీ, ఇంకో తలుపు తెరవమనీ అడిగేవారు. సీరియల్‌కు వచ్చే డబ్బుతోనే ఇంటి అద్దె కట్టేవాడు.

అతని ట్రంకుపెట్టె అడుగున ఒక నోటుబుక్కు ఉండేది. గుంటూరు పొగాకు గోడౌనులో ముప్పై ఏళ్ళు ఆకు ఏరిన తన తల్లి కథ అందులో సగం దాకా రాసి ఉంది. ఎంత కడుక్కున్నా ఆమె చేతిని పొగాకు ఘాటు వదిలేది కాదు. కలిపి పెట్టిన అన్నం ముద్దలో కూడా ఆ చేదు తగిలేది. ఆ చేదును రాయాలని అతని కోరిక. కానీ పెట్టె తెరిచినప్పుడల్లా, ఇందులో శవం లేదు, రహస్యం లేదు, ఎవరు చదువుతారన్న దిగులు పట్టుకునేది. వెంటనే మూత వేసేసేవాడు. జనం అభిరుచి పాడైపోయిందని కోపం తెచ్చుకునేవాడు. ఆ కోపంతో సీరియల్ కూడా మనసు పెట్టి రాయడం మానేశాడు.

చివరికి ఒకనాడు, జనానికి ఏం కావాలో కళ్ళారా చూసి తేల్చుకుందామని తన వీధిలోని అద్దె కొట్టుకు వెళ్ళాడు. శవాల పుస్తకాలే పోతున్నాయని తేలితే నోటుబుక్కును పొయ్యిలో పెట్టాలనుకున్నాడు.

కొట్టు ముసలాయన ఖాతా తెచ్చి అతని ముందు పెట్టాడు. పుస్తకంగా వచ్చిన అతని సీరియల్ మొదటి నెల ఒక్క రోజైనా బీరువాలో నిలవలేదు. పేజీ నిండా పేర్లే. మూడో నెల నుంచి ఒక్క పేరూ లేదు. తర్వాత ముసలాయన ఒక సన్నటి పాత నవల తీసి ఇచ్చాడు. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి కథ అది. అట్ట రెండుసార్లు మారింది. కుట్టు ఊడితే మళ్ళీ కుట్టారు. నడిమి పేజీ అంచున పసుపు వేలిముద్ర ఉంది, పొయ్యి దగ్గర కూర్చుని ఎవరో చదివినట్టు. ఆ నవల నెలకో, రెండు నెలలకో ఒకసారి పోతోంది. కానీ పదేళ్ళుగా పోతూనే ఉంది. తీసుకెళ్ళినవాళ్ళే మళ్ళీ వచ్చి తీసుకెళ్తున్నారు.

అతను ఖాతాలో ఆ రెండు పుస్తకాల పేజీలనూ పోల్చి చూశాడు. సన్న నవలను మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళిన పేర్లన్నీ తన శవాల పుస్తకం పేజీలోనూ ఉన్నాయి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడినవాళ్ళే ఆ తల్లి కోసం ఏడ్చారు.

ఆ రాత్రి అతను పెట్టె తెరిచాడు. సీరియల్ రాస్తూనే, ఇంటి అద్దె కట్టుకుంటూనే, రెండేళ్ళలో తన తల్లి కథ పూర్తి చేశాడు. పత్రిక వేయనంటే అప్పు చేసి అచ్చు వేయించాడు. ఒక ప్రతి ముసలాయన కొట్టులో ఇచ్చాడు. ఆరు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే పుస్తకం బీరువాలో లేదు. కుట్టు ఊడి బైండింగుకు వెళ్ళింది.

నీతి: మనిషి తాను ఎరిగిన రుచినే అడగగలడు, ఎరగని రుచిని ఎవరో ఒకరు వండి పెట్టాలి. జనం అడగలేదని మనసులోని కథను పెట్టెలో దాచినవాడు ఆ జనాన్నే తక్కువ చేసినవాడు. రాసేవాళ్ళారా, అడిగింది మనసు పెట్టి ఇవ్వండి, అడగనిది కూడా రాసి వాళ్ళ చేతిలో పెట్టండి.