కూడబెట్టడం పాపమా?

భాగవతం పదకొండో స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల గురించి యదు మహారాజుకు చెబుతాడు. వాళ్లలో తేనెటీగ ఒకటి. పువ్వును నొప్పించకుండా కొంచెం కొంచెంగా తీసుకోవడం దాని దగ్గర నేర్చుకోమంటాడు. రేపటికని దాచొద్దనీ, దాచితే ఈగలాగే దాచినదానితో పాటు పోతారనీ హెచ్చరిస్తాడు. మొదటి మాటకు దండం పెడతాను. రెండో మాటతోనే, తేనెపెట్టెలు చేసి బతికే నాకు పేచీ.

మాది డెంకణికోట పక్క పల్లె. కృష్ణగిరి మామిడి తోటల వాళ్లకు పిల్లపెట్టెలు చేసిస్తాను. ఈగల కాపురాన్ని రెండు చేసేటప్పుడు కొత్త కాపురానికి ఇచ్చే పెట్టె అది. నాలుగు చట్రాలకు మించి పట్టదు. అంత చిన్నదెందుకని అడుగుతారు. పిల్లల గూడు 34, 35 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. కాసిని ఈగలకు పెద్ద పెట్టె ఇస్తే ఆ వేడి నిలపలేవు, కాపలా లేని మూలల్లో మైనపు పురుగు చేరుతుంది. వాకిలి కూడా సన్నగానే తొలుస్తాను, పక్క పెట్టె ఈగలు వచ్చి దోచుకుపోకుండా. చట్రానికీ గోడకీ నడుమ ఈగ తిరిగేంత సందే వదలాలి. ఎక్కువైతే అక్కడా పట్టు కట్టేస్తాయి. ఈ సందు మర్మం 1851లో పట్టుకున్నది అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరి. మన నాటు ఈగకు తగ్గ చిన్న పెట్టెను 1910ల్లో దక్షిణాదిలో రూపొందించిన న్యూటన్ కూడా పాదిరే.

ఇప్పుడు నా పేచీ. మామిడి పూతకు తిరిగే పనిఈగ నెలన్నర బతికితే గొప్ప. అది తెచ్చిన తేనె వానల్లో తినేది తర్వాతి తరం. కాపురం నిండితే పాత రాణి సగం మందిని వెంటబెట్టుకుని బయటికి పోతుంది. కడుపులో పట్టినంత తేనె తప్ప వాళ్లు ఏమీ పట్టుకుపోరు. కట్టిన పట్లు, నింపిన నిలువ, ఇంకా గూట్లోంచి బయటికి రాని కొత్త రాణికే. తాను తిననిదాన్ని దాచడం లోభమైతే, తాతలు నాటిన చింతచెట్లన్నీ లోభమే.

1991, 92ల్లో థాయి సాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో నాటు ఈగల కాపురాలు చాలామటుకు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవి దాచుకున్నందుకు పోలేదు, పిల్లలు పురుగు దశలోనే చచ్చిపోతే పోయాయి.

అవధూత తప్పు చెప్పాడని కాదు. ఆయన మాట భిక్షువుకు. భిక్షువుకు చెయ్యే గిన్నె, పొట్టే కొట్టు, వెనక వచ్చే పిల్లలు లేరు. సంసారికి అదే కొలత పెడితే అన్యాయం. సంసారిని అడగాల్సింది ఎంత దాచావని కాదు, ఎవరికి దాచావని. ఆ ప్రశ్నకు ఈగ తలెత్తుకుని జవాబు చెబుతుంది. పట్టు మొత్తం పిండుకునే మనిషి చెప్పలేడు.

అందుకే నా దగ్గర పిల్లపెట్టె కొనేవాళ్లకు ఒక్కటే చెబుతాను: కొత్త కాపురానికి తేనె నిండిన చట్రం ఒకటైనా పెట్టి పంపండి. వానాకాలం దాటేదాకా దాని జోలికి పోవద్దు. అది మీది కాదు.