కొరడా పట్టిన చేతులు

పిల్లలు తిరుగబడినప్పుడు దోషము వారిదేనా, లేక తిరుగబడునట్లు చేసిన పెద్దలదా? 1968లో ఇంగ్లండు దేశమున వెలువడిన 'ఇఫ్' అను చలనచిత్రము ఈ ప్రశ్నను లేపినది. దానిని తీసిన లిండ్సే ఆండర్సన్ 1923లో మన దేశములోని బెంగుళూరులో పుట్టిన సైనికాధికారి కుమారుడు. తాను చదువుకొనిన చెల్టెన్‌హాం కళాశాలలోనే చాల భాగము చిత్రించెను. 1969లో కాన్ చిత్రోత్సవమున దానికి అత్యున్నత బహుమానము వచ్చినది. బడిని, గుడిని అవమానించెనని కోపగించినవారును కలరు.

కథ ఒక బోర్డింగు పాఠశాలలోనిది. అక్కడ పెద్ద విద్యార్థులలో కొందరికి మిగిలినవారిమీద అధికారమున్నది. వారికి 'విప్స్' అని పేరు, అనగా కొరడాలు. వసతిగృహమును చూడవలసిన ఉపాధ్యాయుడు అంతయు వారికే విడిచిపెట్టెను. మిక్ ట్రావిస్ అను బాలునిని, అతని ఇద్దరు స్నేహితులను, నిర్దిష్టమైన నేరమేదియు చూపకయే, వారి వైఖరి నచ్చలేదని వ్యాయామశాలకు పిలిచి బెత్తముతో కొట్టుదురు. కొట్టువాడు దూరమునుండి పరుగెత్తి వచ్చి కొట్టును. దెబ్బలు తిన్నవాడు అతనికి కృతజ్ఞత చెప్పవలెను! తుదకు ఆ బాలురు, శిక్షగా శుభ్రము చేయుచున్న చోట దొరికిన తుపాకులతో కప్పుమీది కెక్కి, ఉత్సవమునకు వచ్చిన పెద్దలమీద కాల్చుదురు. అది కలయో నిజమో చిత్రము చెప్పదు.

ఇది తలంచగా 1 రాజులు 12వ అధ్యాయము మా మనస్సునకు వచ్చినది. షెకెములో ప్రజలు తమ కాడిని తేలిక చేయుమని వేడిరి. ప్రజలకు దాసుడవై మృదువుగా మాటలాడుమని వృద్ధులు రెహబామునకు చెప్పిరి. అతనికి తనతో పెరిగిన యౌవనస్థుల మాటయే ఇంపైనది. తండ్రికంటె కఠినముగా దండింతునని పలికెను. పది గోత్రములు విడిపోయినవి. రెహబాము యుద్ధమునకు సిద్ధపడగా, దేవుడు షెమయాద్వారా అతని నాపి, ఇది తనవలననే జరిగినదని తెలియజేసెను. అయితే యరొబాము సంగతి ఏమి? కాడి విరిచిన ఆ చేతులే బేతేలులోను దానులోను బంగారు దూడలను నిలిపినవి. మిక్ చేతికి తుపాకి వచ్చినప్పుడు అతడును కొరడాయే ఆయెను. క్రింద కొట్టినవారే కాదు, ఏమియు ఎరుగని అతిథులును ఉండిరి.

మాకు మిక్కిలి బాధ కలిగించినది పాఠశాల పాదిరిగారి పాత్ర. ఆయన క్రీస్తును సైన్యాధికారిగా వర్ణించి, విడిచి పారిపోవుట క్షమింపరాని పాపమని ప్రసంగించును. మరియొకచోట ప్రధానోపాధ్యాయుడు తన గదిలోని పెద్ద సొరుగు లాగగా, పాదిరిగారు అందులోనుండి లేచి కూర్చుండును! నవ్వు పుట్టించుటకు పెట్టిన దృశ్యమే, గాని క్రైస్తవులకు నవ్వు రాదు. కావలసినప్పుడు బయటికి తీసి, పని తీరగానే మూసివేయు సువార్త అది.

మన సంఘములలో అనేకులు మిషను బోర్డింగులలో చదివినవారే. అక్షరము, అన్నము, వాక్యము అక్కడనే దొరికినవి. బెత్తపు దెబ్బలును అక్కడనే. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. దానికి చాల ముందుగానే ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము 4వ వచనము తండ్రులకు హద్దు పెట్టినది. మొదటి వచనమును పిల్లలచేత కంఠస్థము చేయించుదురు. నాలుగవది ఎన్ని ప్రసంగములలో వినబడినది?

ఆ చిత్రములో బెత్తము ఆడుచున్నంతసేపు తక్కిన పిల్లలు తమ గదులలో నిశ్శబ్దముగా ఒక్కొక్క దెబ్బను వినుచుందురు. వ్యాయామశాలలో కొట్టువారున్నారు, తినువారున్నారు. పాదిరిగారు మాత్రము కనబడరు.