ప్రౌఢవయస్సున కంఠపాఠము

వల్లెవేయుట విద్య గాదని మేము పాఠశాలలో ఇరువదియేండ్లుగా చెప్పుచున్నాము. అర్థ మెఱుగక శబ్దమును మోయువాడు గంధపుచెక్కలు మోయు గాడిదవంటివాడని మన పూర్వులనిరి. ధర్మగ్రంథమును పొందియు దాని ననుసరింపనివారిని గ్రంథములు మోయు గాడిదతో ఖురాను 62వ అధ్యాయమును పోల్చినది. ఇంత తెలిసియు, నలువదియైదేండ్ల గృహస్థుడొకడు ఖురానును కంఠస్థము చేయబూనగా చూచి మేము నవ్వలేకపోతిమి. ఏల నవ్వలేకపోతిమో చదువరులకు విన్నవించుచున్నాము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా గద్వాలలో ఆయనకు చిల్లర దుకాణము కలదు. బాల్యమున మదరసాలో చదివి హాఫిజు అగు అవకాశ మాయనకు లభింపలేదు. ఇప్పుడు తెల్లవారుజామున నమాజు ముగించి అరగంటసేపు క్రొత్తపాఠము చదువును. సరకుకొఱకు వనపర్తికో నాగర్‌కర్నూలునకో పోవునపుడు బస్సులో పాతపాఠము నెమరువేయును. మదరసాలలో మొదటిదానిని సబక్ అనియు, రెండవదానిని మంజిల్ అనియు నందురు. చిన్న సూరాలు గల ముప్పదియవ భాగముతో ఆరంభించి, రెండేండ్లకు దానిని దాటెను.

ఖురానున 114 సూరాలు గలవు. వాడుకలోనున్న గణనమున ఆయతులు 6,236. కొన్ని రెండుమూడు మాటలే. ఒకటి పుటనిండ నుండును. దినమున కొక్కటి చొప్పున పదునేడేండ్లు పట్టును. ఈ లెక్క వేసి, “ఇది తుదముట్టునా?” యని యడిగితిమి. ఆయన నవ్వి, “అది దిగివచ్చుటకే ఇరవైమూడేండ్లు పట్టింది, పంతులుగారూ! నాకేం తొందర? పూర్తి అయితదో కాదో దేవుని కెరుక. నేర్చినంత పోకుండ చూసుకొనుడే నా పని” అనెను.

ఆ మాట మమ్ము నిలిపివేసినది. తొలి వాక్యము వినునాటికి ప్రవక్తకును నలువదియేండ్లు. ఆయనవద్ద నేర్చినవారిలో వర్తకులు, సంసారులు పెక్కురు. కంఠస్థమైన ఖురాను కట్టివేసిన ఒంటెవంటిదనియు, కాపు తప్పినచో పాఱిపోవుననియు ప్రవక్త చెప్పినట్లు హదీసులు తెలుపుచున్నవి. తడబడుచు శ్రమపడి చదువువానికి రెండింతల ఫలమనియు నందే కలదు. గమ్యమునకంటె కావలికి, నేర్పునకంటె ప్రయాసకు ఇచట గౌరవ మెక్కువ.

చేతి ఫోనులో గ్రంథమంతయు నుండగా ఈ శ్రమ యేల యని కొంద ఱడుగుదురు. ఫోనులోనున్నది మనము వెదకినపుడే వచ్చును. కంఠముననున్నది శోకమున, రోగశయ్యపై, చీకటిదారిలో పిలువకయే వచ్చును. ఇక అర్థముమాట. పరీక్షకై బాలునిచే బలిమిని చేయించు వల్లెవేతకును, తన ఇచ్చచే పెద్దవాడు మనస్సున నిలుపుకొను వాక్యమునకును భేదము కలదు. చిలుకూరి నారాయణరావుగారు మొదలైనవారి కృషిచే ఖురాను తెలుగునకు వచ్చినది. మా మిత్రుడు అరబ్బీ పాఠముప్రక్కన తెలుగు అనువాద ముంచుకొని, దినమున కొక మాటకైన అర్థము తెలిసికొనును. అట్లు చేయనినాడు గాడిద యుపమాన మాయనకును తప్పదు.

అయిన నొక ప్రశ్న మిగిలినది. పురుషుని యీ అరగంట యెవరి పనినుండి వచ్చినది? పొయ్యివద్ద భార్య యొంటరిగా కష్టపడగా లభించిన పుణ్యము అప్పుచేసి పెట్టిన దానమువంటిది. మే మీ మాట సంకోచించుచునే యడుగగా, రాత్రి భోజనానంతరము తాను పిల్లలను చూచుకొందు ననియు, అపుడామె తన పాఠము చదువుకొను ననియు చెప్పెను. “నా తప్పులు దిద్దేది ఆమెనే” అనియు నొప్పుకొనెను. ఇట్టి న్యాయము లేనియింట కంఠపాఠ మెంత మధురమైనను కొఱతయే.

మే మెనిమిదేండ్ల ప్రాయమున బెత్తమునకు వెఱచి అమరకోశము వల్లించితిమి. ఆ సంభాషణమైన రాత్రి దానిని జ్ఞప్తికి దెచ్చుకొన యత్నించితిమి. మొదటి వర్గముకూడ తుదివఱకు రాలేదు. భయము నేర్పినదానిని నిర్లక్ష్యము తీసికొనిపోయినది. ఒంటె యెపుడు పాఱిపోయెనో మేము గమనింపనే లేదు.

మఱునాటినుండి దినమున కొక్క శ్లోకము, అర్థముతో, మరల మొదలిడితిమి.