సాయంకాలపు పొయ్యి



బగ్దల్ చేలలో కంది కోతల దినములు వచ్చినప్పుడు స్త్రీలు పొద్దుగూకిన తరువాతనే యిల్లు చేరుదురు. నడుము విరిగినంత అలసట. అయినను పొయ్యి అంటించవలెను, వేడినీళ్లతో జొన్నపిండి కలిపి ఒక్కొక్క రొట్టె చేతితో తట్టవలెను. అదే చేనునుండి వచ్చిన పురుషులమైన మేము కాళ్లు కడుగుకొని అరుగుమీద కూర్చుందుము. పైగా బుధవారపు ప్రార్థనకు వారు ఆలస్యముగా వచ్చినయెడల, భక్తి తగ్గినదని పెద్దలమైన మేమే అనియున్నాము. అందుకు నేడు సిగ్గుపడుచున్నాము.

యోహాను సువార్త 21వ అధ్యాయము చదువుడి. శిష్యులు ఏడుగురు రాత్రియంతయు వలలు వేసి అలసిపోయిరి. వారు ఒడ్డుకు దిగునప్పటికే నిప్పులు, చేప, రొట్టె సిద్ధముగా నుండెను. తిరిగి లేచిన ప్రభువు పేతురును ప్రశ్నింపకమునుపే అందరి ఆకలి తీర్చెను. మరణమును జయించిన ఆయన పొయ్యి పని తక్కువదని ఎంచలేదు. ఏలీయా బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లినప్పుడు (1 రాజులు 19) దేవదూత గద్దింపలేదు. రొట్టె, నీళ్లు యిచ్చి మరల పడుకొననిచ్చెను.

కాబట్టి అలసిన తల్లులారా, ఆ పూటకు అన్నము, పప్పుచారు చాలును. అది లోపము కాదు. సహోదరులారా, రొట్టె తట్టుట రాకపోయినను నీళ్లు తెండి, ఉల్లిగడ్డలు కోయుడి, గిన్నెలు కడుగుడి. ప్రార్థన అరగంట ఆలస్యముగానే ఆరంభింతము. అందరమును తిని, అందరమును కూడి మోకరింతము.

ప్రభువు మీ పొయ్యిని, మీ భోజనమును దీవించును గాక. ఆమేన్.