పొయ్యి ఆఖర్న కొను నాయనా

రా నాయనా, కూర్చో. కొత్తగా కొన్న ఇంటి ఫోటోలు చూశాను. న్యూహాంప్‌షైర్‌లో పల్లెటూరు, 1890లలో కట్టిన చెక్క ఇల్లు, నడుమ ఇటుక చిమ్నీ. చూడముచ్చటగా ఉంది. నువ్వూ అమ్మాయీ ఇష్టపడి కొనుక్కున్నారు, సంతోషం. అక్టోబరు వచ్చేసింది కదా, ఈ శనివారమే వెళ్లి పెద్ద కట్టెల పొయ్యి ఒకటి తెచ్చేస్తానంటున్నావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ.

నీ ఆలోచన చెడ్డది కాదు. ఆయిల్ బిల్లు తగ్గాలి, చంటిదానికి చలి తగలకూడదు, మంచు తుపానులో కరెంటు పోయినా ఇల్లు వెచ్చగా ఉండాలి. అన్నీ మంచి కోరికలే. తొందరే మంచిది కాదు. ముప్పై ఏళ్లుగా ఈ చలిసీమలో కట్టెలు కాలుస్తున్నవాణ్ణి, ఒక్క మాట చెబుతాను, గుర్తుపెట్టుకో. ముందు ఇల్లు, తర్వాత చిమ్నీ, ఆ తర్వాత కట్టె, ఆఖర్న పొయ్యి. నువ్వు ఆఖరిదాన్ని ముందుకు తెస్తున్నావు.

ముందు ఇంటి సంగతి. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం? పాత ఇల్లూ అంతే. వేడి గాలి పైకెక్కి అటక సందుల్లోంచి పారిపోతుంది. అది పోయినంత మేరా సెల్లార్ లోంచి, గోడల అడుగునుంచి చల్లగాలి లోపలికి దూరుతుంది. కాబట్టి ముందు అటక సందులు మూయించు, తర్వాత ఇన్సులేషన్ వేయించు. గుమ్మానికి ఫ్యాన్ బిగించి ఎక్కడెక్కడ గాలి కారుతోందో చూసే పరీక్ష ఒకటుంది, బ్లోయర్ డోర్ టెస్ట్ అంటారు. అది చేయించు. ఆ పనులయ్యాక చూసుకో, నువ్వనుకున్నంత పెద్ద పొయ్యి అక్కర్లేదని నీకే తెలుస్తుంది.

పొయ్యి వచ్చింది కదా అని ఇప్పుడున్న ఆయిల్ ఫర్నెస్ ఆర్పేయకు. పొయ్యి తానున్న గదినీ, దాని చుట్టుపక్కలనూ వెచ్చబెడుతుంది. సెల్లార్లో నీళ్ల పైపులకు ఆ వేడి అందదు. థర్మోస్టాట్ పొయ్యి ఉన్న గదిలోనే ఉందనుకో, ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని ఫర్నెస్‌ను లేవనివ్వదు. తెల్లారేసరికి కింద పైపు గడ్డకట్టి పగులుతుంది. థర్మోస్టాట్ ఎక్కడుందో ముందే చూసుకో.

తర్వాత చిమ్నీ. అంత పాత చిమ్నీల్లో చాలావాటికి లోపల లైనర్ ఉండదు. ఉన్నవి ఇటుకలే, వాటి మధ్య సున్నం ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. ఆ సందుల వెనక నూరేళ్లుగా ఎండిన దూలాలున్నాయి. బయటికి బాగానే ఉందనకు. కెమెరా దించి లోపలంతా చూసే మనిషిని పిలిపించు. స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ వేయాలంటే వేయించు. దానికయ్యే ఖర్చు పొయ్యి ఖరీదంత కావచ్చు, అయినా సరే. చిమ్నీ ఇంటికప్పుకన్నా కనీసం 3 అడుగులు పైకుండాలి. 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. లేకపోతే పొగ సరిగ్గా లాగదు.

ఇక కట్టె. మా చిన్నప్పుడు ఊళ్లో పచ్చి కట్టె పొయ్యిలో పెడితే అమ్మ ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్లు ఎర్రబడి, కొంగుతో తుడుచుకునేది. అందుకే వానలు పడకముందే కట్టెలన్నీ చూరు కిందకి చేరేవి. ఇక్కడా అదే నీతి. కట్టెలో తడి 20 శాతం లోపుండాలి. తడి కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది. కట్టెను చీల్చి, కొత్తగా బయటపడ్డ ముఖం మీద గుచ్చి చూడు. అమ్మేవాళ్లు అందరూ ఎండిన కట్టే అంటారు, నువ్వు మీటర్‌ని నమ్ము. ఓక్ ఆరడానికి రెండు వేసవులైనా పడుతుంది. తోలించేటప్పుడు కార్డ్ లెక్కన కొను, అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. దగ్గరి ఊళ్లోనే కొను. యాష్ చెట్లను చంపే పచ్చ పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడింది. అది చాలా రాష్ట్రాలకు పాకడానికి దూరాలకు తోలిన వంటచెరుకు కూడా ఒక కారణం.

ఇప్పుడు పొయ్యి. పెద్దది తెస్తానన్నావు. నేనూ మొదటి ఏడు అదే చేశాను. గది ఉడికిపోయేది, పొయ్యిలోకి గాలి వెళ్లే తలుపు బిగించేసేవాణ్ణి. గాలి చాలక కట్టె మండదు, రాత్రంతా కుములుతుంది. ఆ పొగ చల్లటి చిమ్నీకి తగిలి తారులా పేరుకుంటుంది, దాన్నే క్రియోసోట్ అంటారు. వసంతంలో చిమ్నీ శుభ్రం చేసినాయన బకెట్‌లో తెచ్చి చూపించాడు, నల్లగా, గాజులా మెరుస్తోంది. అది అంటుకుంటే చిమ్నీయే కొలిమి అవుతుంది నాయనా. ఆ పొయ్యి పైగదిలోనే మా పిల్లలు పడుకునేవారు. ఆ రోజు నాకు నోట మాట రాలేదు. అందుకే చెబుతున్నాను, చిన్న పొయ్యి కొని చక్కగా మండించు. పెద్ద పొయ్యి కొని పీక నొక్కకు.

పాతది చవగ్గా దొరికిందని తెచ్చుకోకు. 2020 మే నుంచి అమ్మే కొత్త పొయ్యిలు గంటకు 2 గ్రాములకు మించి పొగరేణువులు వదలకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. నిజమైన కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. పొగ తక్కువంటే నీ కట్టె నీ ఇంట్లోనే వేడిగా మారిందని అర్థం. ఇనుప రేకుదైతే త్వరగా వేడెక్కుతుంది. సోప్‌స్టోన్‌ది నిదానంగా వేడెక్కి, నిప్పు తగ్గాక కూడా వెచ్చదనం ఇస్తుంది. పగలంతా పనికి పోయేవాళ్లకు ఒకటి నప్పుతుంది, ఇంటిపట్టున ఉండేవాళ్లకు ఇంకొకటి. మీ దినచర్య చూసుకుని ఎంచుకోండి. బరువు మోసే నేల కింద దూలాలూ చూపించు. ఊరి పర్మిట్ తీసుకో, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పు.

కొన్నాక అలవాట్లు. అమ్మాయి పోపు పెట్టి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, అది ఇంట్లో గాలిని లాగి, చిమ్నీలో పొగను వెనక్కి తెస్తుంది. పొయ్యి మండుతున్నప్పుడు ఫ్యాన్ వేయాలంటే ముందు కిటికీ కాస్త తెరవండి. కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకుని తెల్లారి లేవనివాళ్ల కబుర్లు మన ఊళ్లలో వినలేదా? అదే విషవాయువు ఇక్కడా. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర ఉండాలి. తడి చీరలు, చంటిదాని బట్టలు పొయ్యి దగ్గర ఆరేయొద్దు, 3 అడుగుల లోపు మండేదేదీ ఉండకూడదు. పిల్ల పాకే వయసు, చుట్టూ కంచె పెట్టండి. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో ఎత్తి, ఇంటికి దూరంగా నేల మీద పెట్టు. బూడిద కింద నిప్పు రోజుల తరబడి బతికుంటుంది. అట్టపెట్టెలో ఎత్తి వరండాలో పెట్టి ఇళ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. ఏడాదికోసారి చిమ్నీ చూపించు, బాగానే ఉందిలే అనుకోకు.

మళ్లీ మళ్లీ చెబుతున్నానని విసుక్కోకు. ముందు ఇల్లు, తర్వాత చిమ్నీ, ఆ తర్వాత కట్టె, ఆఖర్న పొయ్యి. ఈ చలికాలం ఫర్నెస్‌తో గడపండి, ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోండి. ఈలోగా అటక పని చేయించు. వసంతం రాగానే త్వరగా ఆరే కట్టెలు తోలించి, పైన రేకు కప్పి, పక్కలకు గాలి ఆడేలా పేర్చు. ఒక్క చలికాలం ఆగితే పోయేదేమీ లేదు. ఆ ఇల్లు నూట ముప్పై చలికాలాలు చూసింది, నీ తొందర చూసి బెదరదు.

శనివారం పొయ్యిల కొట్టుకి వెళ్లకు. రేపు పొద్దున్నే చిమ్నీ చూసే మనిషికి ఫోన్ చెయ్యి.