కొలువుకు కొలత

తెలుగులో 'కొలుచు' అనే క్రియకు రెండు అర్థాలున్నాయి. ధాన్యాన్ని కుంచంతోనో మానికతోనో లెక్కగట్టడం ఒకటి, దేవుణ్ణి సేవించడం మరొకటి. కొలత అనే మాట మొదటి అర్థానికి చెందుతుంది. తెలంగాణ పత్రికల్లో ఉద్యోగానికి పర్యాయపదంగా నిత్యం కనిపించే కొలువు అనే మాట సేవించడమనే రెండో అర్థంతో ముడిపడి ఉంది. ఉన్న కొలువు పోయి, ఇంకో కొలువు కోసం కర్మాగారం గేటు ముందు నిలబడిన మనిషి విషయంలో ఈ రెండు అర్థాలూ ఎదురెదురు పడతాయి, ఎందుకంటే ఇరవై ఏళ్లపాటు అతను సేవగా ఎంచి చేసిన పనికి ఇప్పుడు అరవై నిమిషాల ఉద్యోగ పరీక్షతో కొలత పెడతారు. ఆ కొలతలో తేలేది ఏమిటి, పని పోయినవాడిలో మిగిలి ఉన్న విలువను కొలిచే అధికారం ఎవరిది అన్న ప్రశ్న ఆర్థికశాస్త్రానికి ఎంత చెందుతుందో ధర్మవిచారానికీ అంతే చెందుతుంది.

ఈ ప్రశ్నను విచారించడానికి జహీరాబాద్ తగిన చోటు. సంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే రహదారి మీద, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఈ పట్టణానికి చుట్టూ చెరకు, కంది, అల్లం పండే నేలలున్నాయి. 1980వ దశకంలో ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో ఇక్కడ తేలికపాటి సరుకు వాహనాల తయారీ చేపట్టింది. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. 2013 నుంచి ఇక్కడ ట్రాక్టర్లు కూడా తయారవుతున్నాయి. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. నాలుగు దశాబ్దాల్లో ఇన్ని మలుపులు తిరిగిన చోట, ఒక తరం నేర్చుకున్న పనితనం తర్వాతి తరం యంత్రాలకు సరిపోకపోవడం ఎప్పటికప్పుడు ఎదురయ్యే సంగతే. ఆ పారిశ్రామిక నగరం కోసం న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో భూములిచ్చిన రైతును చట్టం ఉద్యోగం పోయినవాడిగా లెక్కించదు గానీ, పొలం పోయాక కర్మాగారంలో పని అడగవలసి వచ్చినప్పుడు అతని ముందుకు వచ్చేదీ అదే ప్రశ్నపత్రం. మరికాస్త ఉత్తరాన, బోధన్ శక్కర్‌నగర్‌లోనూ, ముత్యంపేటలోనూ, మంబోజిపల్లిలోనూ ఉన్న నిజాం దక్కన్ షుగర్స్ కర్మాగారాలు 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూతబడినప్పుడు, చెరకు రసం కాచగా వచ్చే పాకం చిక్కదనాన్ని చూపుతోనే పసిగట్టగల కార్మికులు ఆ పనితనానికి గిరాకీ లేని బజారులోకి వచ్చిపడ్డారు.

మిగులు సిబ్బంది పేరిట కార్మికుణ్ణి తొలగించడాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. క్రమశిక్షణ చర్యగా పంపేయడం దీనిలోకి రాదు, అంటే తొలగింపుకు కార్మికుడి తప్పు కారణం కాదని నిర్వచనంలోనే ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఇందుకు మూడు ముఖ్యమైన నియమాలు పెట్టింది: నెల రోజుల నోటీసుతో పాటు పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి, ఒకే తరగతి పనివారిలో సాధారణంగా చివర చేరినవారిని ముందు తొలగించాలి, అదే యజమాని మళ్లీ మనుషుల్ని తీసుకునేటప్పుడు తొలగించినవారికి అవకాశమిచ్చి, ఇతరులకన్నా వారికి ప్రాధాన్యం చూపాలి. ఇందులో తాత్త్వికంగా గమనించదగిన విషయం ఒకటుంది. మనిషి బయటికి వెళ్లేటప్పుడు చట్టం అతణ్ణి సంవత్సరాలతో కొలుస్తుంది, పరిహారానికీ వరుసకూ రెంటికీ అతని సేవాకాలమే ప్రమాణం. అదే మనిషి మరో గేటులోంచి లోపలికి వెళ్లబోయేటప్పుడు ఆ సంవత్సరాలకు విలువ ఉండదు, గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. ఒకే జీవితానికి రెండు కుంచాలు వాడడం వల్ల కలిగే గాయం డబ్బుతో మానేది కాదు. ఇన్నాళ్లూ తాను చేసింది ఏమిటన్న సందేహాన్ని అది మనసులో నాటుతుంది.

ఆ సందేహానికి జహీరాబాద్ ప్రాంతపు మత సంప్రదాయాల్లో లోతైన సమాధానం ఉన్నది శరణుల మార్గంలో. పన్నెండో శతాబ్దంలో పొరుగునున్న కల్యాణంలో, అంటే నేటి బీదర్ జిల్లా బసవకల్యాణంలో, కలచురి రాజు బిజ్జలుడి కొలువులో భండారిగా ఉన్న బసవేశ్వరుడి చుట్టూ ఏర్పడిన ఆ సమాజం కాయకం అనే భావనను ధర్మానికి కేంద్రంగా నిలిపింది. కాయంతో, అంటే శరీరంతో, నిజాయితీగా చేసే శ్రమ కాయకం. దాని ఫలాన్ని తోటివారితో పంచుకోవడం దాసోహం. తెలుగువారికి ఈ శరణుల కథలను ద్విపదలో అందించినవాడు పాల్కురికి సోమనాథుడు. ఆ సమాజంలో చాకలి మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, చెప్పులు కుట్టే హరళయ్య వంటివారి పేర్లకు ముందు వారి వృత్తి గౌరవ బిరుదులా నిలిచింది. పుట్టుకతో మనిషిని కొలిచే కుంచాన్ని పక్కనపెట్టి, పనితో కొలిచే కుంచాన్ని వారు చేతబట్టారు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం మేధోనిజాయితీ అనిపించుకోదు. శరణులు చెప్పినట్టు పనే కైలాసమైతే, పని పోయినవాడు కైలాసం బయట ఉన్నట్టా? పేరుకు ముందు వృత్తి నిలిచే లోకంలో, వృత్తి ఊడిపోతే పేరులో ఏం మిగులుతుంది? ఈ చిక్కును విప్పే కథ ఆ సంప్రదాయంలోనే ఉంది. ఆయ్దక్కి మారయ్య అనే శరణుడి పేరులోని కన్నడ మాటకు ఏరిన బియ్యం అని అర్థం. బసవేశ్వరుడి లోగిలిలో నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, వాటితో జంగములకు అన్నం పెట్టడం అతని కాయకం. ఒకనాడు అతను రోజూ తెచ్చేదానికన్నా ఎక్కువ బియ్యం తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ ఆ ఎక్కువను ఒప్పుకోక, తిరిగి అక్కడే పోసి రమ్మని పంపింది. ఈ కథను ఆశ మీద గెలుపుగా చెప్పడం వాడుక. పని పోయినవారి వైపు నుంచి చదివితే ఇందులో మరో రెండు విషయాలు కనిపిస్తాయి. మారయ్య పేరు ఏ హాజరు పట్టీలోనూ లేదు, ఆ పనిలో అతణ్ణి ఎవరూ నియమించలేదు, కాబట్టి ఎవరూ తొలగించలేరు. కాయకం పదవి కాదని, చేసేవాడికీ చేసే పనికీ మధ్య ఉండే సంబంధమని దీన్నిబట్టి తేలుతుంది. రెండోది, ఎంత చాలునో కొలిచే కుంచం లక్కమ్మ చేతిలోనే ఉంది, భండారం వారి చేతిలో లేదు.

అలాగని కాయకాన్ని పూర్తిగా మనసులోని వ్యవహారంగా మార్చడం కూడా పొరపాటే. మారయ్యకు సైతం ఏరుకోవడానికి గింజలు రాలే లోగిలి ఒకటి కావలసి వచ్చింది. లేత్ మిషను లేకుండా టర్నర్ తన కాయకం చేయలేడు, కుట్టుమిషను లేకుండా దర్జీ చేయలేడు. పని చేయగల నేర్పు మనిషిది, ఆ నేర్పుకు చోటు కల్పించవలసిన బాధ్యత సమాజానిది. దాసోహం అన్న భావనలో అన్నంతో పాటు ఈ చోటు కూడా చేరి ఉందని అర్థం చెప్పుకుంటే తప్ప కాయక సిద్ధాంతం పూర్తి కాదు. గీతలోని కర్మాధికార బోధను పట్టుకొని, ఫలం సంగతి వదిలేసి ఊరుకోమని నిరుద్యోగికి చెప్పేవారు మరిచిపోయేది దీన్నే. కర్మ మీద అధికారం ఉందని చెప్పే మాటకు కర్మ చేసే అవకాశం ఉండడం ముందు షరతు. ఆ అవకాశమే తెగిపోయినవాడికి ఆ శ్లోకాన్ని ఓదార్పుగా వినిపించడం ఆ బోధకు న్యాయం చేయదు.

ఇక పరీక్ష సంగతి. భారతీయ తర్కశాస్త్రంలో పరీక్ష అన్న మాటకు ఉన్న అర్థం నేటి వాడుకకు దాదాపు తలకిందులుగా ఉంటుంది. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు శాస్త్రం నడిచే తీరును మూడు మెట్లుగా చెప్పాడు: వస్తువును పేరుతో పేర్కొనడం ఉద్దేశం, దాన్ని మిగతా వాటినుంచి వేరుచేసే గుర్తును చెప్పడం లక్షణం, ఆ గుర్తు ఆ వస్తువుకు సరిగ్గా అతుకుతుందో లేదో ప్రమాణాలతో విచారించడం పరీక్ష. అంటే న్యాయశాస్త్రంలో పరీక్షకు లోనయ్యేది లక్షణమే. వస్తువు తానుగా అక్కడ దోషిగా నిలబడదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహమూ, దానికి అతనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యా తర్కం నేర్చుకునేవారికి నేటికీ తొలి పాఠాలుగా ఉన్నాయి; లక్షణానికి పట్టే మూడు దోషాలను ఆ దీపిక ఆవును ఉదాహరణగా తీసుకొని వివరిస్తుంది. కపిలవర్ణం గలది ఆవు అంటే తెల్లావులు బయటే ఉండిపోతాయి, ఇది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా లోపలికి వస్తుంది, ఇది అతివ్యాప్తి. చీలిక లేని గిట్ట గలది ఆవు అంటే ఏ ఆవుకూ అది అతకదు, ఇది అసంభవం.

ఉద్యోగ పరీక్షలను ఈ గీటురాయి మీద గీసి చూడడం అవసరం. మిషను శబ్దంలో వచ్చిన చిన్న తేడాను విని బేరింగు అరిగిందని చెప్పగల ఆపరేటరు, ఆంగ్లంలో ఇచ్చిన బొమ్మల వరుసలో తర్వాతి బొమ్మ ఏదో ముప్పై సెకన్లలో గుర్తించలేక తప్పితే, ఆ పరీక్షకు అవ్యాప్తి దోషం పట్టినట్టు. తెల్లావును ఆవు కాదని వెనక్కి పంపినట్టు. శిక్షణ కేంద్రంలో పాత ప్రశ్నపత్రాలు బట్టీపట్టి, మైక్రోమీటరును ఒక్కసారైనా చేతబట్టకుండా నెగ్గినవాడి విషయంలో అదే పరీక్షకు అతివ్యాప్తి దోషం పట్టినట్టు. పెయింట్ షాపులో సహాయకుడిగా చేరబోయే నలభై ఐదేళ్ల మనిషిని, ఐదేళ్ల తర్వాత ఏ హోదాలో ఉండాలనుకుంటున్నారని అడగడంలో ఉన్నది అసంభవం, ఎందుకంటే చేయబోయే పనిలో ఆ ప్రశ్నకు తావే లేదు. అవ్యాప్తికి ఇంకా గట్టి సాక్ష్యం జహీరాబాద్ పక్కనే ఉంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, వారిలో చాలామందికి బడి చదువు లేకపోయినా, డజన్లకొద్దీ చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను కాపాడుతూ, కెమెరాతో చిత్రాలు తీస్తూ, 2008 నుంచి మాచ్‌నూర్‌లో తమ సొంత సంఘం రేడియోను నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఏ రాతపరీక్ష పెట్టినా ఆ మహిళల్లో చాలామంది మొదటి పుట దాటి ఉండేవారు కారు.

పరీక్షలనే ఎత్తివేయాలని దీని అర్థం కాదు. పరీక్ష లేని చోట సిఫారసు, కులం, బంధుత్వం, లంచం వచ్చి కూర్చుంటాయి. చైనాలో సుయి వంశం కాలం నుంచి 1905 దాకా సాగిన రాజోద్యోగ పరీక్షలకు ఉన్న గొప్ప ఆకర్షణ పుట్టుకను పక్కకు నెట్టగలగడమే. కావలసినది పరీక్షకు పరీక్ష. అమెరికా సుప్రీంకోర్టు 1971లో గ్రిగ్స్ కేసులో చెప్పిన తీర్పు సారం కూడా ఇదే. ఒక విద్యుత్ సంస్థ, నల్లజాతి కార్మికులను అంతకుముందు కట్టిపడేసి ఉంచిన కూలి విభాగం నుంచి పై విభాగాలకు మారాలంటే హైస్కూలు పట్టాగానీ, రెండు సామర్థ్య పరీక్షల్లో ఉత్తీర్ణతగానీ ఉండాలని పెట్టిన నిబంధనకు, ఆయా పనుల నిర్వహణతో సంబంధం ఉన్నట్టు రుజువు కాలేదని ఆ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. అన్నంభట్టు శిష్యుడెవరైనా ఆ తీర్పును అవ్యాప్తి దోష నిరూపణగానే చదువుకునేవాడు. మన దేశంలో 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కూడా ఈ దృష్టితో విలువైనదే, ఎందుకంటే అది మనిషికి తెలియనిదేమిటో వెతకదు, అతనికి తెలిసినదేమిటో అడుగుతుంది.

జహీరాబాద్ వీధుల్లో వినిపించే మరో రెండు మతభాషలు కూడా పని పోయినవాడి విలువ విషయంలో కాయక భావనతో కలిసివస్తాయి. రిజ్క్ అంటే దేవుడు ప్రాణులకు ఏర్పరచిన జీవనాధారం, ఇస్లాం ప్రకారం దాని దాత అల్లాహ్ ఒక్కడే, యజమాని దాన్ని చేరవేసే దారి మాత్రమే. అయితే దేవుడి మీద భారం వేయడానికి ప్రవక్త చూపిన పోలిక పొద్దున ఆకలితో గూడు విడిచి ఎగిరివెళ్లే పక్షి, అంటే వెతుకులాట ఆ నమ్మకంలో భాగమే. తొలగింపు ఉత్తరం దారిని మూయగలదు గానీ దాతను మార్చలేదన్న ఈ బోధ, పరీక్ష గదిలోకి వెళ్లేవాడి భయాన్ని సగం చేస్తుంది. క్రైస్తవ సువార్తలోని ద్రాక్షతోట ఉపమానం ఇంకా సూటిగా ఉంటుంది. పొద్దుగూకే వేళ దాకా ఎందుకు ఊరికే నిలబడ్డారని యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదని ఆ కూలీలు జవాబిస్తారు. పట్టణాల్లో కూలీల అడ్డా చూసినవారికి ఆ జవాబు బాగా తెలుసు; పొద్దెక్కినా అక్కడే మిగిలిపోయిన మనుషుల్ని సోమరులని పిలిచే లోకం, వారిని ఎవరూ పిలవలేదన్న నిజాన్ని చూడదు. ఉపమానంలోని యజమాని చూశాడు, చివరి గంటలో వచ్చినవారికీ రోజు కూలి ఇచ్చాడు.

కాబట్టి పరీక్ష రాసే మనిషి ఆ పరీక్షకు చెల్లించవలసినది ఒకటుంది, చెల్లించనక్కర్లేనిది ఒకటుంది. తయారీ, సమయపాలన, నిజం చెప్పడం, రానిదాన్ని నేర్చుకునే వినయం అతను చెల్లించవలసినవి. పాత కంపెనీ ఎందుకు విడిచారని అడిగితే, మిగులు సిబ్బందిగా తొలగించారని దాపరికం లేకుండా చెప్పడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు, చట్టమే అందులో అతని తప్పు లేదంటున్నది. తన బతుకు మీద తీర్పు చెప్పే అధికారం మాత్రం ఆ ప్రశ్నపత్రానికి అతను ధారపోయనవసరం లేదు. ఆ పత్రం చెప్పగలిగినది ఈ పనికి ఈ మనిషి ఈ రోజు సరిపోతాడా అన్నంతవరకే, అదీ లక్షణం దోషరహితమైనప్పుడే.

1947 నాటి ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, తొలగించిన కార్మికుడి పేరిట పదిహేను రోజుల చివరి వేతనాన్ని తిరిగి నైపుణ్యం నేర్చుకునే నిధికి యజమాని జమచేయాలని చెబుతూనే, అదే యజమాని వద్ద మళ్లీ అవకాశం పొందే హక్కును ఏడాదికి పరిమితం చేసింది. పదిహేను రోజుల కూలితో కొత్త పనితనం నేర్చుకోవడం ఏ కాయకంలోనూ సాధ్యం కాదు గనుక ఇది సరిపోని ఏర్పాటు. జహీరాబాద్‌కు రాబోయే ప్రతి కర్మాగారం తన గేటు దగ్గర ముందుగా యంత్రాన్ని చూపించి చేతిపని పరీక్ష పెట్టాలి, రాతపరీక్ష తప్పదనుకుంటే దాన్ని తెలుగులో, ఉర్దూలో, కన్నడలో ఇవ్వాలి, నెగ్గనివారికి ఏ అంశంలో నెగ్గలేదో రాసి చేతికివ్వాలి. జిల్లా యంత్రాంగం ఆ కర్మాగారాలకు భూమి అప్పగించే రోజునే ఈ మూడింటినీ ఒప్పందంలో రాయించాలి.