సంక్రాంతి తర్వాత మొదటి గంట

ఊరెళ్లిన రైళ్లన్నీ తిరిగొస్తున్నాయి. తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగే జనంలో అరిసెల డబ్బా పట్టుకున్న నాన్న, అమ్మ భుజం మీద వాలిన రెండో తరగతి పిల్లాడు తప్పక కనిపిస్తారు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొంత రద్దీ అటు మళ్లింది గానీ, పిల్లాడి నిద్రమత్తు ఎక్కడ దిగినా ఒకటే.

తెలంగాణలో 2024 సంక్రాంతి సెలవులు జనవరి 12 నుంచి 17 వరకు. ఆరు రోజులే! ఆ మాత్రానికి పిల్లలు చదువు మరిచిపోరు, తప్పేది వేళలే. రైలు దిగి నేరుగా బడికి పరుగెత్తించే కంటే ఒక రోజు ముందే ఇల్లు చేరడం మేలు. ఆ రాత్రి పెందలాడే పడక, ఫోన్ అందనంత దూరంలో.

ఇక బడి సంగతి. ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి 2022లో ‘తొలిమెట్టు’ వచ్చింది. దానికి పండగలోనే బోలెడు సరుకుంది. మధ్య వరుసలో 7 చుక్కలు పెట్టి, అటూ ఇటూ 4 దాకా తగ్గే సందు చుక్కల ముగ్గు వేయించి మొత్తం ఎన్నని అడగాలి. 37 అని తేల్చేలోగా కూడికా వస్తుంది, రెట్టింపూ వస్తుంది. పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండగ చూసొచ్చిన వాళ్లయితే కబుర్లకు కొదవే ఉండదు.

అయితే ఊరెళ్లని పిల్లలూ, సంక్రాంతి చేసుకోని ఇళ్ల పిల్లలూ అదే బెంచీల మీద కూర్చుంటారు. “ఊళ్లో ఏం చేశారు?” అంటే వాళ్లు తల దించుకుంటారు. “సెలవుల్లో ఏం చూశారు?” అంటే వాళ్లూ చెయ్యెత్తుతారు. హోంవర్క్ నోటుబుక్కులు మూడో రోజు దిద్దినా సరిపోతుంది.